రాత్రి ఒకటిన్నర ఏ రోజుది

మా కంప్యూటర్ మేడం పోయారు. పొద్దున్నే ఆఫీసు బస్సు కోసం నిలబడి ఉండగా వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ పోయింది" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంది. ఆ పిల్ల ఏడవలేదు. నేనే ఏడ్చాను, బస్టాపులో పదిమంది చూస్తుండగా చున్నీతో ముక్కు తుడుచుకుంటూ. ఆఫీసు బస్సు వచ్చి ముందు ఆగితే పొమ్మని చెయ్యూపి, రోడ్డు దాటి అవతలి వైపు మేడ్చల్ బస్సు ఎక్కాను.

ఆమె పేరు రాయడం లేదు. మేడ్చల్‌లో ఆమెను పేరుతో పిలిచినవాళ్ళను నేను చూడలేదు. ఆటోవాళ్ళకు కూడా కంప్యూటర్ మేడం ఇల్లంటేనే తెలుసు. ఆ రోజు ఇంటి ముందు చేరినవాళ్ళలో సగం మంది నాలాంటివాళ్ళే, ఆమె దగ్గర కీబోర్డు మీద వేళ్ళు పెట్టడం నేర్చుకున్నవాళ్ళు. ఒకరు బ్యాంకులో, ఒకరు మండలాఫీసులో, ఇద్దరు ముగ్గురు నాలాగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు. పేపర్లో ఫోటో పడేంత పెద్ద పేరున్న మనిషి కాదు కాబట్టి ఆమె గురించి ఎవరూ రాయరు. అందుకే నేను రాస్తున్నాను. నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ అని ఆమే అనేవారు. రాతలో కూడా అది కనబడితే మన్నించండి.

తొంభైల నడుమ సంగతి. మేడ్చల్ బస్ డిపోకు కాస్త ఇవతల, ఎరువుల దుకాణం మీద రెండు గదుల్లో ఆమె టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. నేను ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చుంటే, జీడిమెట్లలో షిఫ్టు డ్యూటీలు చేసే మా నాయిన ఒకనాడు డ్యూటీ దిగి వచ్చి, మొహం కూడా కడుక్కోకుండా నన్ను తీసుకెళ్ళి అక్కడ చేర్పించాడు. అప్పటికే ఒక గదిలో టైపు మిషన్లు గోడకు జరిగి, వాటి చోట మూడు కంప్యూటర్లు వచ్చాయి. మెట్లెక్కుతుంటే కింది నుంచి యూరియా వాసన, పురుగుమందుల వాసన. పైకి చేరితే గుమ్మంలో తడిగుడ్డ. చెప్పులు విడిస్తే చాలదు, కాళ్ళు ఆ గుడ్డకు రెండువైపులా తుడుచుకుని లోపలికి రావాలి. దుమ్ము పడితే మిషన్లు పాడవుతాయని ఆమె భయం. మేము ఆమెకు భయపడి, మిషన్లకు భయపడి, పిల్లుల్లా నడిచేవాళ్ళం.

ఆమె రోజూ బస్సులో పట్నం పోయి వచ్చి కంప్యూటర్ నేర్చుకున్నారు. టైపు నుంచి వచ్చిన మనిషి కాబట్టి కాగితం మీద పడే ప్రతి అక్షరమూ ఆమెకు పెద్ద సంగతే. "తెర మీద ఎన్ని తప్పులన్న జెయ్యి, ఎవ్వలు అడగరు. కాగితం మీదికొచ్చినంక అది ఒకల చేతికి పోతది" అనేవారు. మెచ్చుకోవడంలో మహా పిసినారి. నేను తిప్పలు పడి ఏదైనా చేసి చూపిస్తే "ఊఁ" అనేవారు. ఆ ‘ఊఁ’ కోసం పడిచచ్చేవాళ్ళం.

ప్రోగ్రామింగ్‌లో ఆమె మొదటి పాఠం, ఈ రోజు తారీఖును ప్రింట్ చేయడం. అదేం బ్రహ్మవిద్య అనుకుంటారు. కంప్యూటర్‌ను దాని మానాన వదిలేస్తే నెలను ముందు వేసి రోజును తర్వాత వేస్తుంది, అది అమెరికావాళ్ళ అలవాటు. మన అలవాటుకు తేవాలంటే ఒక ఆదేశం ఇవ్వాలి. సంవత్సరం నాలుగంకెలూ కనబడాలంటే ఇంకో ఆదేశం. తొమ్మిదో తారీఖును ఒక్క తొమ్మిదిగా వేస్తే వరసలు చెదిరిపోతాయి, దాని ముందు సున్నా పెట్టాలి. ఇదంతా ఒక పూటలో చెప్పేయొచ్చు. ఆమె రోజుల తరబడి చెప్పారు. నాకు ఒళ్ళు మండి, ఇంకా ఎన్నాళ్ళు ఈ తారీఖులు, అసలు ప్రోగ్రాం ఎప్పుడు నేర్పుతారని అడిగేశాను. ఇదే ప్రోగ్రాం అన్నారు ఆమె, తల కూడా ఎత్తకుండా.

ఆ రోజుల్లోనే ఒక మాట చెప్పారు. "తారీఖును లోపల తారీఖుగనే ఉంచాలె. బయటికి పంపేటప్పుడే అక్షరాలు జెయ్యాలె." కంప్యూటర్ లోపల తారీఖంటే ఒక లెక్క. దానికి పది రోజులు కలపొచ్చు, గంటలు తీసేయొచ్చు. దాన్నే కాగితం మీద చదివే మనిషికి తెలిసేలా అక్షరాలుగా మార్చడం వేరే పని. ఒకటి మిషన్ కోసం, రెండోది మనిషి కోసం. ఈ రెండింటినీ కలగలిపి పీకల మీదికి తెచ్చుకునేవాళ్ళను ఇప్పటికీ మా ఆఫీసులో చూస్తుంటాను. అప్పుడల్లా ఆమె గుర్తొస్తారు, ఆ పిల్లల మీద నా కోపమూ రెండింతలవుతుంది.

ఒకసారి అందరినీ ఎవరి పుట్టిన తారీఖు వాళ్ళను ప్రింట్ చేయమన్నారు. తీసి చూస్తే క్లాసులో సగం మంది జూన్ నెలలోనే పుట్టాం. బడిలో వేసినప్పుడు పంతులు తోచిన తారీఖు రాసుకున్న పిల్లలం మరి. ఆమె నవ్వలేదు. నా దగ్గరికొచ్చి, నిజంగా ఎప్పుడు పుట్టావని అడిగారు. నాకేం తెలుసు, ఎంగిలిపూల బతుకమ్మ నాడు పుట్టానని మా అవ్వ అంటుంది అన్నాను. మర్నాడు ఎక్కడినుంచో పాత పంచాంగం పట్టుకొచ్చి, ఆ యేడు ఆ పండుగ ఏ తారీఖున పడిందో వెతికి తీశారు. అది నా చేత ప్రింట్ చేయించారు. పైన తారీఖు, కింద ఎంగిలిపూల బతుకమ్మ అని. మా అవ్వకు చదువు రాదు. చదివి వినిపిస్తే ఆ కాగితాన్ని చేత్తో నిమిరింది. అవ్వ చెప్పిన రోజును ఒకరు నమ్మి కాగితం మీదికి ఎక్కించడం అదే మొదటిసారి.

తారీఖులంటే ఇంత పట్టింపున్న మనిషి చేతికి గడియారం పెట్టుకునేవారు కాదు. డిపోలోంచి బయటికి వచ్చే బస్సుల చప్పుడును బట్టి టైము చెప్పేవారు. బస్సు ఆలస్యమైతే మా క్లాసూ ఆలస్యమే. ఎగతాళి చేస్తే, నా గడియారాన్ని డ్రైవర్ నడుపుతున్నడు మీకేం బాధ అనేవారు. కరెంటు పోయినప్పుడు కుర్చీలో నిటారుగా కూర్చునే కునుకు తీసేవారు. కరెంటు రాగానే ఎక్కడ ఆపారో ఆ మాట నుంచే పాఠం మొదలయ్యేది. మేము నోరు నొక్కుకుని నవ్వుకునేవాళ్ళం.

ఇంకో అలవాటుంది, అది చెప్పకపోతే ఆమె గురించి ఏమీ చెప్పనట్టే. ఏ కొత్త ప్రోగ్రాం రాసినా మొదటి ప్రింట్ తీసుకుని మెట్లు దిగేవారు. కింద దుకాణంలో బస్తాలు మోసే హమాలీయో, విత్తనాలకు వచ్చిన రైతో, ఎవరు కనిపిస్తే వాళ్ళ చేతిలో పెట్టి, ఇందులో ఏముందో చదవమనేవారు. వాళ్ళు చదివింది ఆమె అనుకున్నదానికి సరిపోతే సరే. సరిపోకపోతే పైకొచ్చి మార్చేవారు. వాళ్ళకు సరిగ్గా చెప్పి చదివించొచ్చు కదా మేడం అంటే ఒప్పుకునేవారు కాదు. "కాగితం ఎన్కల నేను పోతనా చెప్పనీకి?" అనేవారు.

రెండు వేల సంవత్సరం వస్తోందని, కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని అందరూ బెదిరిపోయిన రోజుల్లో ఆమె మాత్రం బెదరలేదు. తాను రాసిచ్చిన ప్రోగ్రాంలలో మొదటి నుంచీ సంవత్సరానికి నాలుగంకెలే పెట్టారు. అయినా ఆమె దగ్గర ప్రోగ్రాం రాయించుకున్న రెండు మూడు దుకాణాలకు నన్ను వెంటేసుకుని పోయి, అన్నీ తీసి చూసి, ఇచ్చిన చాయ్ తాగి వచ్చేశాం. ఒక సేటు మా వెనకే గుమ్మం దాకా వచ్చి, కంప్యూటర్ పేలదు కదా అని మెల్లగా అడిగాడు. మెట్లు దిగాక ఆమె నవ్విన నవ్వు నాకింకా వినిపిస్తుంది.

ఇగ హేచరీ సంగతికి వస్తాను. ఆమెను తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది అదే, చెప్పడానికి కష్టమైనదీ అదే.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో కోళ్ళ ఫారాలు, గుడ్లను పొదిగించే హేచరీలు చాలా ఉండేవి. అందులో ఒకదాని యజమానిని అందరూ పటేల్ అనేవారు. భూములున్న కుటుంబం, అప్పుడప్పుడే ప్లాట్ల వ్యాపారంలోకీ దిగుతోంది. ఆయన మేడంకు ఒక పని ఇచ్చారు. గుడ్లను పొదిగే మిషన్లో ఏ గంటకు పెట్టారో కంప్యూటర్లో వేస్తే, పిల్లల్ని ఏ తారీఖున ఏ గంటకు బయటికి తీయాలో లెక్కగట్టి కార్డు ప్రింట్ చేయాలి. ఆ కార్డును మిషన్ తలుపుకు అంటిస్తారు. కార్డులో ఉన్న సమయం కంటే ముందు ఎవరూ తలుపు తీయకూడదు, తీస్తే లోపలి వేడి పోతుంది. మా సెంటర్‌కు అంత పెద్ద పని అంతకుముందు రాలేదు. అప్పటికి నేను డిగ్రీ చదువుతూ ఆమె దగ్గరే పాఠాలు చెబుతున్నాను. ఆ ఒక్క హేచరీ బాగుందంటే దారి పొడుగునా ఉన్న మిగతావీ మాకే వస్తాయని నేను లెక్కలు వేసుకున్నాను. ఆమె కూడా వేసుకునే ఉంటారు, బయటికి అనలేదు.

హేచరీలో మిషన్ల దగ్గర పనిచేసే ఆయనను అందరూ చాచా అనేవారు. శామీర్‌పేట పక్కన పల్లె ఆయనది. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. భార్యతో పాటు హేచరీ ఆవరణలోనే ఒక గదిలో ఉండేవాడు. మొదటి కార్డు తీసుకుని మేడం ఎప్పట్లాగే ఆయన చేతిలో పెట్టారు. ఆయన వేలు పెట్టి కూడబలుక్కుని, ఫలానా తారీఖు పగలు పదకొండు గంటలకని సరిగ్గా చదివాడు. పటేల్ చదివారు, ఆఫీసు గుమాస్తా చదివాడు. అందరికీ అర్థమైంది. కార్డులు నడిచాయి, చలికాలం గడిచింది.

ఎండాకాలం వచ్చేసరికి పగటి కరెంటు కోతలు మొదలయ్యాయి. గుడ్లను రాత్రిపూట మిషన్లో పెట్టడం మొదలుపెట్టారు. రాత్రి పెట్టిన గుడ్లకు పిల్లల్ని తీసే సమయం కూడా రాత్రే వస్తుంది కదా. అలా వచ్చిన మొదటి కార్డు మీద ఐదో తారీఖు, ఒకటిన్నర, ఏఎం అని పడింది.

కంప్యూటర్ లెక్కలో అర్ధరాత్రి పన్నెండు దాటితే తారీఖు మారిపోతుంది. ఐదో తారీఖు ఒకటిన్నర ఏఎం అంటే, నాలుగో తారీఖు పడుకుని ఐదో తారీఖు లేవబోయే ఆ రాత్రి. మరి మన ఇళ్ళల్లో? తెల్లవారేదాకా రోజు మారదు. ఐదో తారీఖు రాత్రి ఒకటిన్నర అంటే, ఐదో తారీఖు పగలంతా గడిచి, చీకటి పడి, అన్నాలు తిన్నాక వచ్చే రాత్రి. చాచా అలాగే చదివాడు. ఆ రాత్రికే తలుపు తీశాడు. అప్పటికి పిల్లలు బయటపడి, ఆ వేడిలో ఒక పగలూ ఒక రాత్రీ అదనంగా ఉండిపోయాయి.

పొద్దున్నే హేచరీ నుంచి కబురొస్తే మేడం, నేను ఆటోలో పోయాం. రేకుల షెడ్డు ముందు ట్రేలు వరసగా పరిచి ఉన్నాయి. పసుపు పచ్చని పిల్లలు, ముట్టుకుంటే పుల్లల్లా ఎండిన కాళ్ళు, తెరిచిన నోళ్ళు. ఆడవాళ్ళు ఒక్కొక్కదాన్ని తీసి, ముక్కును నీళ్ళ గిన్నెలో ముంచి, తాగితే ఒక పక్కకు, తాగకపోతే ఇంకో పక్కకు వేస్తున్నారు. తాగని పక్క కుప్ప పెద్దదిగా ఉంది. మేడం అక్కడే ఆగి చూస్తూ ఉండిపోయారు. నేనే చెయ్యి పట్టి ఆఫీసు గదిలోకి తీసుకుపోయాను.

గదిలో చాచా గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కిటికీలోంచి ఆయన గది కనిపిస్తోంది. ఆయన భార్య గిన్నెలు, దుప్పట్లు బయట పెడుతోంది. సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారట. పటేల్ అరవడం లేదు, అరిచే దశ దాటిపోయినట్టుంది. గుమాస్తా కార్డు ముందు పెట్టుకుని, తారీఖు ఉంది, గంట ఉంది, ఏఎం అని కూడా ఉంది, కంప్యూటర్ తప్పేం లేదు, చూసుకోనిది ఈ మనిషేనని చెబుతున్నాడు.

పటేల్ మా వైపు తిరిగారు. "మేడం, మీ కార్డు కరెక్టే గద? ఒక్క మాట చెప్పుండ్రి. ఈయన్ను పంపిచ్చేస్త, మన పని ఎప్పటి తీరుగ నడుస్తది."

ఆమె నోరు తెరవకముందే నేను కరెక్టే అన్నాను. అది నిజం కూడా. లెక్కలో తప్పు లేదు, అచ్చులో తప్పు లేదు. ఏ కంప్యూటర్ మాస్టారుకు చూపించినా ఆ కార్డు సరైనదేనంటాడు. మేడం నా మణికట్టు పట్టుకుని గట్టిగా నొక్కారు. నోరు మూసుకోమని దాని అర్థం. గుమాస్తా దగ్గరి నుంచి కార్డు తీసుకుని చాలాసేపు చూశారు. తర్వాత చాచా దగ్గరికి పోయి ఆయన చేతిలో పెట్టి, ఇది చూసి ఎప్పుడనుకున్నావని అడిగారు.

"ఐదో తారీఖు రాత్రి ఒకటిన్నర, మేడం" అన్నాడాయన. "గదే జేసిన."

ఆమె పటేల్ వైపు తిరిగి, పిల్లల్ని తీసుకుపోయే వ్యాన్‌ను ఏ రాత్రికి రమ్మన్నారని అడిగారు. బయట గేటు దగ్గర వ్యాన్ నిలబడే ఉంది. అది వచ్చింది కూడా ఐదో తారీఖు రాత్రికే. కార్డు చూసి డ్రైవర్‌కు ఫోన్ చేసి చెప్పింది పటేలే.

"అంటే నేను గూడ తప్పు చదివిన్నంటరా?" అన్నారాయన చివరికి.

"లేదు పటేల్. మనూర్లల్ల ఎవ్వలు చదివినా గట్లనే చదువుతరు. నేను ఈయనతోని పగటి కార్డు చదివిపిచ్చిన. రాత్రి కార్డు చదివిపియ్యలే. తప్పు కార్డుది, కార్డు నాది. ఈయన్ను పంపియ్యకుండ్రి."

పటేల్ కిటికీలోంచి చూస్తూ, సామాను లోపల పెట్టుకోమని చాచాతో అన్నారు. తర్వాత మేడం వైపు చూడకుండానే, ఇగ మీరు రానవసరం లేదని చెప్పారు. ఆమె సరేనని దండం పెట్టి బయటికి వచ్చారు. చాచా మా వెనకే వచ్చాడు. ఆటో కదిలేదాకా అక్కడే నిలబడ్డాడు.

ఆటోలో నేను ఊరుకోలేదు. ఆమె మీద అరిచినంత పని చేశాను. కార్డు సరైనదే కదా, ఏఎం అని రాసి ఉంది కదా, చదువుకోనివాళ్ళ కోసం మన పొట్ట మనమే కొట్టుకోవాలా అన్నాను. మేడ్చల్ దగ్గరపడుతుంటే ఆమె, మీ నాయిన నైట్ డ్యూటీకి సోమవారం పోయి మంగళవారం పొద్దున ఇంటికి వస్తే, అది ఏ రోజు డ్యూటీ అంటాడని అడిగారు. సోమవారం డ్యూటీ అంటాడని చెప్పాను. మరి రాత్రి రెండింటికి ఆయన మిషన్ మీద ఉన్నప్పుడు ఏ వారమని అడిగారు. కోపంతో ఆటో బయటికి చూస్తూ కూర్చున్నాను.

పని పోయింది కదా, ఆమె ఆ ప్రోగ్రాంను వదిలేస్తారనుకున్నాను. వదల్లేదు. ఆ కార్డులు ఇంకా తలుపుల మీద అంటిస్తున్నరు కదనే అన్నారు. అర్ధరాత్రి దాటిన గంటలకు వెనకటి రోజు పేరు వేసి, పక్కన ‘తెల్లారితే’ అని రాసి తర్వాతి రోజు పేరు వేసేలా మార్చారు. నాలుగో తారీఖు రాత్రి ఒకటిన్నర, తెల్లారితే ఐదు. ప్రింటర్‌కు తెలుగు అక్షరాలు రావు కాబట్టి ఇంగ్లిష్ అక్షరాలతోనే ఆ మాటలు. అయితే రాత్రి ఎక్కడ అయిపోతుంది? దానికి పుస్తకంలో జవాబు లేదు. కిందికి దిగి హమాలీలను, పాలు పోసే ఆమెను, డిపో ముందు ఇడ్లీలమ్మే ఆమెను అడిగారు. మూడు గంటలు రాత్రేనని అందరూ ఒప్పుకున్నారు. నాలుగు దగ్గర పెద్ద గొడవైంది. ఇడ్లీలామె నాలుగంటే తనకు తెల్లారినట్టేనని తేల్చి చెప్పింది. ఆమె మాటే ప్రోగ్రాంలోకి పోయింది. మేడం ఫ్లాపీ పట్టుకుని ఒక్కరే హేచరీకి పోయి, గుమాస్తా కంప్యూటర్లో వేసి, ముందుగా చాచాతో రాత్రి కార్డు చదివించి తిరిగొచ్చారు. వెంట నన్ను రమ్మనలేదు. పిలిచినా పోయేదాన్ని కాదేమో.

ఆ తర్వాత ఏ హేచరీ కూడా మమ్మల్ని పిలవలేదు. తప్పు నాదని తానే ఒప్పుకుందట అన్న మాట దారి పొడుగునా పాకింది. ఆ మాటకు ముందూ వెనకా ఏముందో ఎవరికి కావాలి? కొత్త ఇన్‌స్టిట్యూట్లు రంగు బోర్డులతో వచ్చాయి. ఆమె ఒక గది వదులుకుని, ఉన్న గదిలోనే అర్జీలు టైపు చేసిస్తూ, బడిపిల్లలకు కంప్యూటర్ చెబుతూ గడిపారు. నేను పట్నంలో ఉద్యోగానికి వచ్చేశాను. ఎప్పుడు పోయినా ఆ ఒక్క గదిని చూస్తే నాకు కడుపు మండేది. ఒక్క ‘కరెక్టే’ అన్న మాట. అది అనేసి ఉంటే ఈ మనిషి బతుకు వేరేగా ఉండేది కదా అనుకునేదాన్ని. ఆమెతో ఒకసారి అన్నాను కూడా. ఆమె నా వైపు చూసి, చాచా బతుకు కూడా వేరేగా ఉండేదే కదనే అన్నారు. అంతే, ఇంకెప్పుడూ ఆ ఊసెత్తలేదు. చాచా మాత్రం అప్పుడప్పుడు అటువైపు వచ్చినప్పుడు మెట్లెక్కి, కాళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చి, చాయ్ తాగి పోయేవాడట. ఏం మాట్లాడుకునేవారంటే, వానల గురించి అనేవారు మేడం.

చివరి రెండేళ్ళు ఆమెకు ఒంట్లో బాగుండలేదు. పోయినసారి చూడబోతే మంచం మీద కూర్చుని, ఇప్పుడేం పని చేస్తున్నావని అడిగారు. రకరకాల దేశాలవాళ్ళకు ప్రయాణం టికెట్ల మీద తారీఖులు, టైములు వాళ్ళవాళ్ళ పద్ధతిలో వచ్చేలా చేసే పని అని చెప్పాను. మొహం వెలిగింది. ఎవరితో చదివిస్తున్నారే అని అడిగారు. టెస్టింగ్ వాళ్ళు వేరే ఉంటారు మేడం అన్నాను. "ఊఁ" అన్నారు. అది మెచ్చుకోలు ఊఁ కాదని నాకు బాగా తెలుసు.

దహనం అయిన మర్నాడు దినకర్మ కార్డు సంగతి వచ్చింది. ఆస్పత్రి కాగితంలో ఆమె పోయిన సమయం గురువారం రెండూ పది ఏఎం అని ఉంది. వాళ్ళల్లుడు గురువారమనే వేయించాలన్నాడు, రాసి ఉన్నది అదే కదా. ఇంట్లో పెద్దామె, మేడం వాళ్ళ అక్క, నా చెల్లె పోయింది బుధవారం రాత్రే, గురువారం అది చూడనే లేదు అని పట్టుబట్టింది. ప్రెస్సువాడు ఏం వేయాలో చెప్పమని ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. కంప్యూటర్ మనిషివి కదా, నువ్వు చెప్పక్కా అని అమ్మాయి కాగితం, పెన్నూ నా ముందు పెట్టింది.

ఇన్నేళ్ళూ ఆమెతో నేను పూర్తిగా ఒప్పుకోలేదు. ఆ రోజు ఆ కార్డు సరైనదేనని నాలో ఒక మూల అంటూనే ఉండేది. పెన్ను పట్టుకుని కూర్చున్నాను. గురువారం అని రాయడానికి చెయ్యి రాలేదు. ఆమె గురువారాన్ని చూడలేదు. ‘బుధవారం రాత్రి రెండు గంటలు దాటాక, తెల్లారితే గురువారం’ అని రాశాను. రాస్తుంటే అక్షరాలు కనబడలేదు, కళ్ళు తుడుచుకుని రాశాను. పెద్దామెకు చదివి వినిపిస్తే, ఆఁ, గట్ల రాయి అంది. అల్లుడు చదివి సరేనన్నాడు. కింద, పదకొండో రోజు కార్యక్రమం శనివారం పగలు పదకొండు గంటలకని రాసి ప్రెస్సుకు పంపాను. మొదటి కార్డు శామీర్‌పేటకు పంపించమని అమ్మాయికి చెప్పాను.

శనివారం నేను ఏదైనా పని అందుకుందామని ముందే పోయాను. టెంటు అప్పుడే కట్టి వెళ్ళారు, కుర్చీలు ఇంకా పరచలేదు. మేడం ఫోటోకు దండ వేసి వరండాలో పెట్టారు. గేటు పక్కన చాచా నిలబడి ఉన్నాడు. బాగా పెద్దవాడైపోయాడు, ఉతికిన తెల్ల లాల్చీ వేసుకున్నాడు, చేతిలో కార్డు ఉంది. లోపలికి రాకుండా ఎంతసేపటి నుంచి అక్కడే ఉన్నాడో. నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు. కార్డు తెరిచి, శనివారం అన్న చోట వేలు పెట్టాడు.

"సరైన రోజుకే వచ్చిన గద బేటా?"

"సరైన రోజుకే వచ్చినవ్ చాచా" అన్నాను.

ఆయన తలూపి, కార్డు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గోడకు ఆనించిన దొంతరలోంచి ఒక కుర్చీ లాగి, మేడం ఫోటోకు ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. మిగతావాళ్ళు రావడానికి ఇంకా చాలా సేపుంది.